సీసాలు పక్కన పెట్టి కెగ్‌లోకి: ఇంట్లో చేసిన బీరుకి కెగ్గింగ్ మొదలుపెట్టడం ఎలా

ఇంట్లో బీరు చేసేవాళ్ళకి పులియబెట్టడం వరకు హుషారుగానే ఉంటుంది, అసలు విసుగంతా సీసాల దగ్గరే. 19 లీటర్ల బ్యాచ్ అంటే 330 మిల్లీలీటర్ల సీసాలు యాభై ఏడు దాకా కావాలి, ఒక్కోటి కడగాలి, శానిటైజ్ చెయ్యాలి, పంచదార లెక్కగా కలపాలి, నింపి మూత బిగించాలి, ఆపైన రెండు వారాలు ఎదురుచూడాలి, ఇంత చేసినా ఒక సీసా తెరిస్తే పొంగి టేబుల్ మీదకొస్తుంది, పక్కది తెరిస్తే చప్పగా ఉంటుంది. కెగ్ అంటే బీరుని గ్యాస్ ప్రెషర్‌తో ఉంచే పెద్ద స్టీలు డబ్బా, అదైతే కడగాల్సింది ఒక్కటే, నింపాల్సింది ఒక్కటే, మొదటి గ్లాసు ఎలా ఉందో చివరి గ్లాసూ దాదాపు అలాగే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. చాలామంది కెగ్గింగ్ అనగానే ఏ ట్యాప్ కొనాలి, ఏ ఫ్రిజ్ కొనాలి అని అడుగుతారు. నన్నడిగితే కెగ్గింగ్ అంటే గ్యాస్, అంటే కార్బన్ డయాక్సైడ్, సంగతి తెలుసుకోవడమే. గ్యాస్ ఎక్కడినుంచి లీకవుతోంది, బీరులోకి ఎంత దిగింది, గ్లాసులోకి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎందుకు బయటికి తన్నుకొస్తోంది, ఈ మూడూ అర్థమైతే చౌక సామానుతో కూడా మంచి బీరు వస్తుంది, అర్థం కాకపోతే ఎంత ఖరీదైన ట్యాప్ పెట్టినా గ్లాసు నిండా నురుగే.

ఏమేం కావాలి

ఇంట్లో వాడే కెగ్‌ని కార్నీ కెగ్ అంటారు, కార్నీలియస్ అనే కంపెనీ పేరునుంచి వచ్చింది. ఇవి మొదట్లో కూల్‌డ్రింక్ సిరప్ మోయడానికి చేసినవి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, ఎక్కువగా దొరికేది 5 గ్యాలన్లది, అంటే దాదాపు 19 లీటర్లు. వీటిలో రెండు రకాలు: బాల్ లాక్, పిన్ లాక్. పెప్సీ వాళ్ళు బాల్ లాక్ వాడేవాళ్ళు, కోకా-కోలా వాళ్ళు పిన్ లాక్. బాల్ లాక్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, పిన్ లాక్ కాస్త పొట్టిగా లావుగా. ఒకదాని కనెక్టర్ ఇంకోదానికి పట్టదు కాబట్టి మొదటిరోజే ఒక రకం ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి. నా ఓటు బాల్ లాక్‌కే, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, పైగా మూతమీద లోపలి ప్రెషర్ వదలడానికి లాగే రింగున్న రిలీఫ్ వాల్వ్ ఉంటుంది, అది రోజూ పనికొస్తుంది.

కెగ్ నెత్తిన రెండు పోస్టులుంటాయి. ఒకటి గ్యాస్ లోపలికి వెళ్ళడానికి, దాని కింద చిటికెన వేలంత పొట్టి గొట్టం. రెండోది బీరు బయటికి రావడానికి, దాని కింద గొట్టం కెగ్ అడుగుదాకా దిగుతుంది, ఈ గొట్టాల్ని డిప్ ట్యూబులంటారు. గ్యాస్ కనెక్టర్ మామూలుగా బూడిద రంగులో, బీరుది నల్లగా ఉంటుంది. బాల్ లాక్‌లో ఈ రెండు పోస్టులూ చూడ్డానికి ఒకేలా ఉన్నా కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, గ్యాస్ పోస్టుకి కింద చిన్న గాట్లుంటాయి, అది చూసి గుర్తుపట్టండి. గ్యాస్ కనెక్టర్‌ని బలవంతంగా బీరు పోస్టుకి నొక్కితే అక్కడే ఇరుక్కుపోతుంది, ఊడదియ్యడానికి చుక్కలు కనిపిస్తాయి. పట్టట్లేదు అనిపిస్తే తోయకండి, తప్పు పోస్టు అని అర్థం.

ఇక కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దానిమీద ప్రెషర్ తగ్గించి పెట్టే రెగ్యులేటర్, గ్యాస్ పైపు, బీరు పైపు, చివర ఒక చిన్న ప్లాస్టిక్ పిక్నిక్ ట్యాప్. మొదటి కెగ్‌కి ఇది చాలు. ఫ్రిజ్ తలుపుకి రంధ్రం పెట్టి స్టీలు ట్యాపు బిగించడం తర్వాతి ముచ్చట, అది కూడా తలుపుకే పెట్టండి, పక్కగోడల్లో ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ పైపులు నడుస్తుంటాయి, డ్రిల్ తగిలిందా ఫ్రిజ్ పోయినట్టే.

సిలిండర్ 5 పౌండ్లది, అంటే లోపల దాదాపు 2.27 కిలోల గ్యాస్ పట్టేది తీసుకుంటే, గాలి బయటికి తోలడాలు అన్నీ కలుపుకుని ఆరు నుంచి ఎనిమిది కెగ్గుల దాకా వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్ళు కంగారుపడే సంగతి ఒకటుంది. రెగ్యులేటర్‌మీద రెండు మీటర్లుంటాయి కదా, ఒకటి కెగ్‌లోకి వెళ్ళే ప్రెషర్ చూపిస్తుంది, రెండోది సిలిండర్ లోపలి ప్రెషర్. మామూలు గది వేడిలో అది 800 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పైన చూపిస్తుంది, సిలిండర్‌ని ఫ్రిజ్‌లో పెట్టారనుకోండి 550 దగ్గరికి పడిపోతుంది, అమ్మో గ్యాస్ అయిపోయింది అనుకుంటారు. ఏమీ అయిపోలేదు. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది, ఆ ద్రవం ఉన్నంతసేపు ప్రెషర్ వేడినిబట్టి మారుతుంది తప్ప ఎంత మిగిలిందో చెప్పదు, ద్రవం మొత్తం ఆవిరైపోయాకే ముల్లు పడడం మొదలెడుతుంది, అప్పటికి ఇక మిగిలేది కొంచెమే. ఎంత ఉందో తెలియాలంటే తూకం వెయ్యండి, ఖాళీ సిలిండర్ బరువు మెడ దగ్గర చెక్కి ఉంటుంది, అది తీసేస్తే మిగిలిందే గ్యాస్.

ముందు విప్పండి, కడగండి

కెగ్ కొత్తదైనా పాతదైనా ఒకసారి మొత్తం విప్పాల్సిందే. విప్పేముందు మూతమీద రింగు లాగి లోపల ప్రెషర్ లేదని చూసుకోండి, ఈ అలవాటు ఎప్పటికీ తప్పకూడదు, ప్రెషర్ ఉన్న పోస్టుని పానాతో విప్పితే అది తూటాలా లేస్తుంది. రెండు పోస్టులూ విప్పి, లోపల స్ప్రింగుతో ఉండే చిన్న పాపెట్లు తీసి, డిప్ ట్యూబులు బయటికి లాగి పెట్టండి. ఏ పోస్టు ఎటుదో కలిసిపోకుండా రెండు గిన్నెల్లో విడివిడిగా వేసుకోండి.

పాత కెగ్ అయితే రబ్బరు ఓ-రింగులన్నీ మార్చేయండి. మూతకి ఒక పెద్దది, పోస్టులకి బయట రెండు, డిప్ ట్యూబులకి రెండు, మొత్తం ఐదు. పాత రబ్బరు కూల్‌డ్రింక్ వాసన పట్టేసి ఉంటుంది, ఎంత కడిగినా పోదు, ఆ వాసన నేరుగా మీ బీరులోకి దిగుతుంది. కొత్తవి వేసేటప్పుడు పలచగా కెగ్ లూబ్ రాయండి, అది ఆహారానికి పనికొచ్చే సిలికాన్ జిడ్డు. పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, రబ్బరుని పాడుచేస్తుంది.

కడగడానికి పీబీడబ్ల్యూ లాంటి బ్రూయింగ్ క్లీనర్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి నానబెట్టి, బాగా జాడించండి. బ్లీచ్ జోలికి పోవద్దు, అందులో క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుని సూదిపోట్లలా తినేస్తుంది. తర్వాత శానిటైజర్, స్టార్ శాన్ అయితే 19 లీటర్ల నీళ్ళకి 30 మిల్లీలీటర్లు, ఒకటి రెండు నిమిషాలు తగిలితే చాలు, మళ్ళీ నీళ్ళతో కడగక్కర్లేదు. నురుగు మిగిలినా భయం లేదు.

లీకు సంగతి

దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే నా మొదటి సిలిండర్ నిండుగా ఉన్నది ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోయింది. సాయంత్రం అన్నీ బిగించి, 12 పీఎస్ఐ పెట్టి, చెవి దగ్గరపెట్టి విన్నా, ఏ శబ్దమూ లేదు, నిశ్చింతగా పడుకున్నా. పొద్దున చూస్తే రెండు ముళ్ళూ సున్నా మీద ఉన్నాయి. మళ్ళీ గ్యాస్ నింపించుకొచ్చి, స్ప్రే బాటిల్‌తో శానిటైజర్ అంతటా కొడుతూ పోతే, గ్యాస్ పోస్టు మొదట్లో ఆవగింజంత బుడగలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ తెల్లటి చిన్న గుత్తిలా లేచాయి. విప్పి చూస్తే డిప్ ట్యూబ్ ఓ-రింగు మీద గోటి గాటంత కోత. బిగించేటప్పుడు నలిగి తెగింది. అంత చిన్న గాటు రెండు కిలోల గ్యాస్ తినేసింది.

అప్పటినుంచి నేను చేసేది ఇది, మీరూ చెయ్యండి. బీరు పొయ్యకముందే ఖాళీ కెగ్‌కి మూత పెట్టి, 30 పీఎస్ఐ ఎక్కించండి, ఆ తోపుకి మూత రబ్బరు సరిగ్గా కూర్చుంటుంది. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ నట్టు, పైపు జాయింట్లు, కనెక్టర్, రెండు పోస్టులు, మూత చుట్టూ, రిలీఫ్ వాల్వ్, ఒక్కటీ వదలకుండా సబ్బునీళ్ళు కొట్టి ఒక నిమిషం నిలబడి చూడండి. నెమ్మదిగా వచ్చే లీకుకి బుడగ వెంటనే కనిపించదు, అందుకే ఆ నిమిషం. తర్వాత సిలిండర్ వాల్వు మూసేసి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున ముళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉంటే వ్యవస్థ గట్టిగా ఉన్నట్టు, సిలిండర్ వైపు ముల్లు పడిపోతే ఎక్కడో పోతోంది, వెతకండి. ఖాళీ కెగ్‌తో చేస్తేనే ఈ పరీక్షకి విలువ, బీరు ఉంటే అది గ్యాస్ పీల్చుకుంటుంది కాబట్టి ముల్లు పడితే లీకో పీల్చుకోవడమో తేలదు.

రెగ్యులేటర్ బిగించేటప్పుడు నట్టు లోపల వాషర్ ఉందో లేదో చూడండి, కొన్నింటికి రబ్బరు సీల్ లోపలే ఉంటుంది, లేనివాటికి విడిగా వాషర్ వెయ్యాలి, మర్చిపోతే అక్కడే లీకు. ప్రెషర్ స్క్రూ పూర్తిగా వదులుగా తిప్పి పెట్టాకే సిలిండర్ వాల్వు నెమ్మదిగా తెరవండి.

గాలి తగలకుండా నింపడం

పులియడం పూర్తయిందని తేలాలి, మూడు రోజులు వరసగా బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఒకే అంకె చూపిస్తే అయినట్టే. వీలుంటే రెండు రోజులు 1-2 డిగ్రీల చల్లదనంలో పెడితే ఈస్టు అడుక్కి దిగి బీరు తేటపడుతుంది, కాకపోతే చల్లబడేటప్పుడు ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) లోపలికి గాలి పీల్చుకుంటుంది, ఎయిర్‌లాక్‌లో నీళ్ళు లోపలికి పోతాయి, అది చూసుకోవాలి.

పులిసిన బీరుకి ఆక్సిజన్ శత్రువు. హాప్స్ (బీరుకి చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) ఎక్కువ వేసిన లేత రంగు బీరు అయితే వారం తిరిగేసరికి రంగు ముదిరి, సువాసన పోయి, తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. కాబట్టి బీరు దూకుడుగా పొయ్యకండి, చిమ్మకూడదు, సైఫన్ పైపు కెగ్ అడుగుదాకా దించి నిశ్శబ్దంగా నిండనివ్వాలి.

ఇంతకంటే మంచి పద్ధతి ఉంది, కాస్త ఓపిక కావాలి అంతే. కెగ్‌ని అంచుదాకా శానిటైజర్‌తో నింపి మూత పెట్టండి. గ్యాస్ తగిలించి 5 పీఎస్ఐ దగ్గర, బీరు పోస్టునుంచి ఆ నీళ్ళన్నీ బకెట్‌లోకి తోసేయండి. నీళ్ళు పోయిన చోటంతా కార్బన్ డయాక్సైడే నిండుతుంది, గాలికి చోటే లేదు. ఇప్పుడు గ్యాస్ తీసేసి, రింగు లాగి ప్రెషర్ వదిలి, ఫెర్మెంటర్ కుళాయినుంచి వచ్చే పైపుకి నల్ల కనెక్టర్ తగిలించి బీరు పోస్టులోకే ఎక్కించండి, మూతమీద రిలీఫ్ వాల్వు తెరిచి ఉంచితే లోపలి గ్యాస్ బయటికి పోతూ, బీరు డిప్ ట్యూబ్ ద్వారా అడుగునుంచి పైకి నిండుతుంది. ఎంత నిండిందో కనపడదు కదా, కెగ్‌ని తూకం మిషన్ మీద పెట్టండి, 18 కిలోలు పెరిగాక ఆపేయండి. మరీ నిండుగా పోస్తే గ్యాస్ వైపు పొట్టి గొట్టం బీరులో మునిగి, ప్రెషర్ తేడా వచ్చినప్పుడు బీరు గ్యాస్ పైపులోకి ఎక్కి రెగ్యులేటర్‌దాకా పోతుంది.

మూత తెరిచే నింపారనుకోండి, పైన మిగిలిన గాలిని తరిమెయ్యాలి. 30 పీఎస్ఐ ఎక్కించి రింగు లాగి వదిలితే లోపలి గాలిలో ఇంచుమించు మూడోవంతు మిగులుతుంది, మామూలు గాలిలో 21 శాతం ఆక్సిజన్ కదా, మొదటిసారికి 7, రెండోసారికి 2.3, మూడోసారికి 0.8 శాతం. అదే 10 పీఎస్ఐ తో చేస్తే ఒక్కోసారికి అరవై శాతం మిగిలిపోతుంది, అందుకే తక్కువ ప్రెషర్‌తో ఒకసారి తుస్సుమనిపించి వదిలేస్తే పని జరగదు. నేను ఐదారుసార్లు చేస్తా.

గ్యాస్ ఎక్కించడం

బీరు ఎంత చల్లగా ఉంటే అంత సులువుగా గ్యాస్ పట్టుకుంటుంది. ఏల్, లేగర్ లాంటి మామూలు రకాల బీర్లకి 2.5 వాల్యూమ్‌లు బాగుంటుంది, అంటే ఒక లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగినట్టు. దానికి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 పీఎస్ఐ చాలు, 2 డిగ్రీలైతే 10 చాలు, 10 డిగ్రీలైతే 18 దాకా కావాలి, 20 డిగ్రీల గదిలో అయితే 28 దాకా. అందుకే ముందు కెగ్‌ని చల్లబరచండి, తర్వాతే ప్రెషర్ గురించి ఆలోచించండి.

నేను గట్టిగా చెప్పేది నింపాదైన పద్ధతే: చల్లటి కెగ్‌కి 12 పీఎస్ఐ పెట్టి, గ్యాస్ తగిలించే ఉంచి, పది రోజులు రెండు వారాలు తాకకుండా వదిలేయడం. ఇందులో ఎక్కువయ్యే ప్రమాదం లేదు, ఎంత పట్టాలో అంతే పడుతుంది, పైగా ఆ రెండు వారాల చల్లదనంలో బీరు కూడా కుదురుకుంటుంది. తొందరుంటే 30 పీఎస్ఐ పెట్టి 24 గంటలు ఉంచి, గ్యాస్ మూసి, రింగు లాగి ప్రెషర్ మొత్తం వదిలి, 12కి తగ్గించి, ఇంకో రెండు మూడు రోజులు ఆగి తాగొచ్చు. 30 దగ్గర పెట్టి మర్చిపోతే మాత్రం బీరంతా నురుగైపోతుంది కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇక కెగ్‌ని ఒళ్ళో పెట్టుకుని ఊపే పద్ధతి ఉంది, నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఎంత ఎక్కిందో తెలిసే దారి లేదు, మొదటిసారి చేసేవాళ్ళకి వద్దనే చెప్తా. సీసాలకి లాగా పంచదార వేసి కూడా గ్యాస్ పుట్టించుకోవచ్చు, సీసాలకి వేసేదాంట్లో సగం దాకా చాలంటారు, కాకపోతే ముందు సిలిండర్ గ్యాస్‌తో మూతని ఒకసారి బిగుసుకునేలా చెయ్యాలి, లేదంటే పుట్టిన గ్యాస్ సందుల్లోంచి పోతుంది.

ఎక్కువైపోతే ఏం చెయ్యాలి? గ్యాస్ తీసేసి, కొన్ని గంటలకోసారి రింగు లాగి వదులుతూ ఒక రోజు గడపండి, దిగొస్తుంది.

గ్లాసులో నురుగే ఎందుకు

వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే, చాలామంది వెంటనే ప్రెషర్ తగ్గించేస్తారు, అక్కడే తప్పు. 4, 5 పీఎస్ఐ కి తగ్గించి పోసుకుంటే రెండు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత బీరులో కరిగిన గ్యాస్ బయటికొచ్చి పైపులో బుడగలు కడుతుంది, బీరు మెల్లిగా చప్పబడిపోతుంది. మార్చాల్సింది ప్రెషర్ కాదు, పైపు పొడుగు. లోపలి వ్యాసం 3/16 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్ల లోపు ఉన్న పైపు 3 మీటర్లు పెట్టండి, చుట్ట చుట్టి కెగ్ మీదే పెట్టొచ్చు. అంత సన్నటి పొడుగాటి పైపులో రాపిడికి ప్రెషర్ కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, ట్యాప్ దగ్గరికి బీరు మెత్తగా చేరుతుంది. సామానుతో వచ్చే మీటరున్నర పైపు దాదాపు ఎప్పుడూ చాలదు, అది చూసే చాలామంది కెగ్గింగ్ మనవల్ల కాదనుకుంటారు.

పైపు కూడా చల్లగా ఉండాలి, ఫ్రిజ్ బయట వేలాడితే మొదటి గ్లాసు నురుగొస్తుంది. ట్యాప్ బార్లా తెరవండి, భయపడి సగం తెరిస్తే ఆ ఇరుకులో బీరు చిలికినట్టై నురుగు రెట్టింపవుతుంది. గ్లాసు వాల్చి పట్టుకుని గోడవెంట జారనిచ్చి, ముప్పావు నిండాక నిలబెట్టండి. మొదటి ఒకటి రెండు గ్లాసుల్లో అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి వస్తుంది, అది పారబోసేయండి, ఆ తర్వాత కెగ్‌ని కదపకపోతే తేటగా వస్తూనే ఉంటుంది.

జాగ్రత్త

కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, రంగు లేదు, చిన్న మూసిన గదిలో సిలిండర్ మొత్తం లీకైతే కిందంతా అదే నిండుతుంది. గాలాడే చోట పెట్టండి, పక్కనే ఉన్నప్పుడు తలనొప్పి, ఆయాసం అనిపిస్తే తలుపులు తెరిచి బయటికొచ్చేయండి, ఏమైందో తర్వాత చూసుకోవచ్చు. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది, పడిపోకుండా గొలుసో తాడో కట్టండి, కారులో తెచ్చేటప్పుడు అద్దం దించుకోండి, ఎండలో కారులో వదిలేయొద్దు.

కెగ్ మారినప్పుడల్లా బీరు పైపులో క్లీనర్, తర్వాత శానిటైజర్ తోలండి. ట్యాప్ మూతిలో జిగటగా చెయ్యికి తగిలిందంటే ఆలస్యం చేసినట్టే, అక్కడ పుట్టే పులుపు వాసన గ్లాసులోకి వస్తుంది.

కెగ్ అయిపోయేటప్పుడు ముందుగా చెప్పదు, ట్యాప్ ఒక్కసారి దగ్గినట్టు చేసి తుప్పర కొట్టి గ్యాస్ వదులుతుంది. వెంటనే సిలిండర్ మూసేయండి. అదే రోజు కడిగే తీరిక లేకపోతే కెగ్ తెరవకుండా ప్రెషర్‌తోనే ఫ్రిజ్‌లో ఉంచేయండి, లోపల గాలి లేదు కాబట్టి మడ్డి ఎండి అట్టకట్టదు, వారం తర్వాతైనా రింగు లాగి, తెరిచి, వేడినీళ్ళు పోసి తిప్పితే ఊడొచ్చేస్తుంది.